‘ఎంతొస్తుంది?’

‘‘అబ్బాయికి ఎంతొస్తుందండీ?’’

పెళ్లిచూపుల్లో కాఫీలు పూర్తయ్యాక ఎవరో ఒకరు అడగాల్సిన ప్రశ్న ఇది. తణుకు దగ్గర మా అక్క వాళ్లింట్లోనూ అడిగారు. అక్కంటే మా పెద్దమ్మ కూతురు. అబ్బాయి తండ్రి గొంతు సవరించుకుని ‘‘ఆరు లక్షల ప్యాకేజీ అండీ’’ అన్నారు. నెలకి యాభై వేలని అక్కడున్న వాళ్లంతా మనసులోనే భాగించేసుకున్నారు. తర్వాత వంతు మాది. ‘‘రెండెకరాల వరి ఉందండీ. సెంటర్లో చిన్న కిరాణా కొట్టు. రోజుకి ఎనిమిది వేల బేరం జరుగుతుంది’’ అన్నారు మా బావగారు.

‘‘మరి అమ్మాయి వాళ్లమ్మగారు?’’ అటువైపు నుంచి ఓ పెద్దావిడ ఆరా.

‘‘ఏమీ చెయ్యదండీ. ఇంట్లోనే ఉంటుంది.’’

ఆ ఏమీ చెయ్యని మనిషి అప్పుడే పెరటి గుమ్మంలోంచి లోపలికొచ్చింది... పాలకేంద్రంలో పాలు పోసొచ్చి, గబగబా చీర మార్చుకుని!

సంబంధం నచ్చింది, అది వేరే సంగతి. నాకు మాత్రం ఆ సంభాషణే బుర్రలో తిరుగుతూ ఉండిపోయింది. ఒకరు ఏడాది లెక్క చెప్పారు. ఇంకొకరు ఓ సంపాదనని ఎకరాల్లో, మరోదాన్ని రోజువారీ బేరంలో చెప్పారు. నాలుగోదానికి అసలు లెక్కే లేదు. నెలకి చేతికి ఎంతొస్తుందన్నది మాత్రం ఏ ఒక్కరూ చెప్పలేదు. అబద్ధం చెప్పారని కాదు. సంపాదించే తీరును బట్టి లెక్క మారిపోతుంది. ఆ తేడా తెలియకపోతే సంబంధాల దగ్గరే కాదు, అప్పుల దగ్గరా దెబ్బతింటాం. అక్కావాళ్లు కొద్దిలో తప్పించుకున్నారు. ఆ కథకి చివర్లో వద్దాం.

యాభై వేలు ఎక్కడికెళ్లాయి?

ముందు కాబోయే అల్లుడి లెక్క. ఆరు లక్షల్ని పన్నెండుతో భాగిస్తే యాభై వేలే. కానీ ప్యాకేజీ అంటే జీతం కాదు, ఆ ఉద్యోగి కోసం కంపెనీకి ఏడాదికయ్యే ఖర్చు. మూలవేతనం నెలకి 25 వేలు అనుకుందాం. దాని మీద కంపెనీ తన వంతుగా కట్టే 12 శాతం పీఎఫ్ ఏడాదికి 36 వేలు. గ్రాట్యుటీ కింద మూలవేతనంలో 4.81 శాతం చొప్పున సుమారు 14,400. ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా ప్రీమియం ఓ 9,600. పనితీరు బాగుంటే ఏడాది చివర ఇస్తామనే సొమ్ము 60 వేలు. ఇవన్నీ కలిపితే లక్షా ఇరవై వేలు. ఆరు లక్షల్లోంచి ఇది తీసేస్తే మిగిలేది నెలకి 40 వేలు. అందులోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ 3 వేలు, వృత్తి పన్ను 200 కోసేస్తారు. 2025-26లో కొత్త విధానం ఎంచుకున్నవాళ్లకి ఈ స్థాయి జీతం మీద ఆదాయ పన్ను పడదు కాబట్టి ఆ కోత లేదు. చివరికి చేతికొచ్చేది 36,800.

అలాగని మిగతాది పోయినట్టూ కాదు. పీఎఫ్ మనదే, వడ్డీ కూడా వస్తుంది. సాధారణంగా ఐదేళ్లు పనిచేస్తే గ్రాట్యుటీ వస్తుంది. అందుకే జీతగాడి లెక్కలో రెండు తప్పులు జరుగుతుంటాయి. పిల్లనిచ్చేవాళ్లు ప్యాకేజీని చూసి ఎక్కువ అనుకుంటారు. ఉద్యోగి తనకొచ్చే మెసేజీని చూసుకుని తక్కువ అనుకుంటాడు. ఈఎంఐ కట్టగలడా లేదా అన్నది చూడాలంటే 36,800. మొత్తం సంపాదన చూడాలంటే రెండు పీఎఫ్ వాటాలనీ కలుపుకోవాలి. ఇంతకీ ఆ 60 వేలు? వస్తే వచ్చినట్టు. దాన్ని నమ్ముకుని ఫ్లాటు బుక్ చేయడం మాత్రం తగదు.

గల్లా పెట్టె గలగలలు

ఇక బావగారి కొట్టు. రోజుకి ఎనిమిది వేల బేరం అంటే నెలకి 2 లక్షల 40 వేలు! వినడానికి అల్లుడి జీతం దాని ముందు దిగదుడుపే. కానీ గల్లాలో పడ్డ ప్రతి నోటూ ఆదాయం కాదు. అందులో అధికభాగం రేపు సరుకు తేవడానికి వెళ్లిపోయే డబ్బు. పంచదార, నూనె, కందిపప్పు లాంటి వాటిమీద మిగిలేది తక్కువ. బిస్కెట్లు, సబ్బుల మీద కాస్త నయం. అన్నీ కలిపి సగటున పదిశాతం మిగులుతుందని వేసుకుంటే నెలకి 24 వేలు. కరెంటు బిల్లుకి 2 వేలు, సాయం కుర్రాడికి 6 వేలు, ఎలుకలు కొట్టినవీ గడువు దాటినవీ తిరిగిరాని అరువులూ కలిపి 2 వేలు. మిగిలేది 14 వేలు.

‘‘కొట్టు సొంతం కదా, అద్దె లేదు’’ అంటారు బావగారు. నిజమే. కానీ అదే గదిని అద్దెకిస్తే 4 వేలు వస్తుంది. అంటే పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా కౌంటర్లో కూర్చున్నందుకు ఆయనకి దక్కుతున్నది పదివేలు. మిగతా నాలుగు వేలూ ఆ గది సంపాదన!

ఈ చిక్కు ప్రభుత్వానికీ తెలుసు. చిన్న వ్యాపారి ప్రతి చిట్టీ దాచి లెక్కలు చూపించలేడు. అందుకే ఆదాయ పన్ను చట్టంలో ఓ అంచనా పద్ధతి పెట్టారు. అమ్మకాలు పరిమితికి లోబడి ఉంటే, మొత్తం బేరంలో 8 శాతాన్ని లాభంగా చూపిస్తే చాలు. బ్యాంకు ద్వారా, యూపీఐ లాంటి పద్ధతుల్లో వచ్చిన సొమ్ముకైతే 6 శాతం. అంతకన్నా ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపించాలనుకోండి.

ఆటో నడిపేవాళ్లదీ, సొంత బండి మీద ఇంటింటికీ భోజనాలు చేరవేసే కుర్రాళ్లదీ ఇదే కథ. ‘రోజుకి పదిహేను వందలు’ అంటారు. అద్దె, గ్యాసు లేదా పెట్రోలు పోను అని వాళ్లే మెల్లగా చేరుస్తారు. టైర్ల అరుగుదల, బండి పాతబడటం మాత్రం ఎవరూ చేర్చరు. మూడేళ్ల తర్వాత కొత్త బండి కొనాల్సి వచ్చినప్పుడు అదంతా ఒకేసారి గుర్తొస్తుంది.

వరి లెక్కలో మూడు మెట్లు

‘ఎకరాకి ఎంత మిగులుతుంది?’ అని ఏ రైతునైనా అడగండి. ఓసారి ఆకాశంలోకి చూసి, తర్వాత చెబుతాడు. విత్తనాలు, దుక్కి, ఎరువులు, నాట్లు, కోత మిషను... చేతిలోంచి ఖర్చయిన డబ్బు తీసేసి మిగిలింది ఆదాయం అంటాడు. కౌలు రైతయితే కౌలు బస్తాలు కూడా తీసేస్తాడు. కేంద్రానికి మద్దతు ధరలు సిఫారసు చేసే వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ దీన్ని మొదటి మెట్టుగానే చూస్తుంది. దాని పేరు ఏ2. రైతూ ఇంట్లోవాళ్లూ పొలంలో చేసిన పనికి కూలి కట్టి కలిపితే రెండో మెట్టు... ఏ2+ఎఫ్ఎల్. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా వేస్తే మూడో మెట్టు, సీ2.

ఇదేదో పేర్ల గొడవ అనుకోకండి. కోట్ల కుటుంబాల ఆదాయం ఈ మెట్ల మీదే ఆధారపడి ఉంది. 2004లో ఏర్పాటైన స్వామినాథన్ కమిషన్ సాగు ఖర్చు మీద కనీసం యాభై శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలంది. ఏ ఖర్చు మీద? రైతు సంఘాలు సీ2 మీద అంటాయి. కేంద్రం 2018 నుంచి ఏ2+ఎఫ్ఎల్ మీద ఇస్తోంది. 2025-26 ఖరీఫ్‌లో సాధారణ రకం వరికి ఆ పద్ధతిలో క్వింటా ఖర్చు 1,579 రూపాయలుగా తేల్చారు. దానికి సగం కలిపి 2,369 మద్దతు ధర ప్రకటించారు. ఇది దేశం మొత్తం మీద సగటు. మీ ఊళ్లో కూలి రేట్లు ఎక్కువైతే ఆ సగం మిగలదు.

మెట్ల సంగతి ఎలా ఉన్నా ఒకటి గమనించారా? ఇంట్లోవాళ్ల చాకిరీ కూడా ఖర్చేనని, దానికీ ధర కట్టాలని రెండో మెట్టులోనే ఒప్పుకున్నారు. బావగారి పుస్తకంలో మాత్రం అది లేదు.

ఒక పేరు... నాలుగు చేతులు

కూలి డబ్బుల్లోనైనా ఈ బాధ ఉండదనుకుంటాం. చేసిన రోజుకి ఇంత అంటే అంతే కదా! కానీ తాపీమేస్త్రీని ‘రోజుకి వెయ్యి అంటే నెలకి ముప్పై వేలా?’ అని అడిగితే నవ్వుతాడు. వానలున్నాయి, ఇసుక రాని వారాలున్నాయి, జ్వరాలున్నాయి. ఇరవై రోజులు దొరికితే గొప్ప. ఇల్లు కట్టించినవాళ్లకి ఇంకో సంగతి తెలుసు. రోజుకూలికి పెడితే పని ఎప్పటికవుతుందోనని యజమాని కాపలా కాయాలి. గుత్తకిస్తే పని పరుగులు పెడుతుంది, గోడ తిన్నగా లేస్తోందో లేదో చూసుకోవాలి. రోజుకూలిలో ఆలస్యం యజమాని నెత్తిన పడుతుంది, గుత్తలో పనివాడి నెత్తిన. లెక్క మారగానే నష్టం మోసే మనిషి మారిపోతాడు!

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టేవాళ్ల కూలి వెయ్యి చొప్పున. తునికాకు నానబెట్టి, కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టి, కట్టలు చేసి కార్ఖానాకి పట్టుకెళ్లాలి. కూలి చుట్టిన బీడీలకే. ఆకు నానబెట్టిన పొద్దుకీ, బాగోలేవని పక్కన పెట్టేసిన బీడీలకీ ఏమీ రాదు. కార్డు ఒక్కరి పేరునే ఉంటుంది. బడి నుంచొచ్చిన ఆడపిల్ల ఆకు కత్తిరిస్తుంది, ముసలమ్మ దారం కడుతుంది. ‘వెయ్యి చుట్టాను’ అన్నదాని వెనక ఎన్ని చేతులున్నాయో ఆ కార్డులో కనపడదు.

చేనేతలోనూ అంతే. మజూరీ చీరకింత అని మగ్గం మీద కూర్చున్నవారికిస్తారు. పోచంపల్లి తరహా చీరకి ముందు ఆసు పోయాలి. నూలుని మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూ ఒక్క చీరకే చేతిని దాదాపు తొమ్మిది వేలసార్లు ఆడించాలి. గంటల తరబడి ఆ పని చేసేది ఇంటి ఆడవాళ్లే. భుజాలు పట్టేసే ఆ పనికి విడిగా కూలి ఉండేది కాదు, చీర మజూరీలోనే కలిసిపోయేది. అలా చేసీచేసీ నొప్పులతో బాధపడుతున్న తల్లిని చూసే చింతకింది మల్లేశం ఆసుయంత్రం తయారుచేశారు. తల్లి పేరు మీద దానికి లక్ష్మి ఆసుయంత్రం అని పేరు పెట్టుకున్నారు. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఎవరూ లెక్కలో రాయని గంటల్ని ఒక్క కొడుకు లెక్కపెట్టాడన్నమాట.

ఒకే ఇల్లు... రెండు ఆదాయాలు

సంబంధం ఖాయమైన వారానికే అక్క కొడుక్కి ఆదాయ ధ్రువపత్రం కావాల్సొచ్చింది. ‘‘మన ఆదాయం ఎంతని రాయాలి?’’ అని బావగారు నాకు ఫోన్ చేశారు. దేనికోసమో తెలిస్తేగానీ చెప్పలేనన్నాను. ఆయన వేళాకోళం అనుకున్నారు. కానీ అదే నిజం.

కేంద్రం నిబంధనల్లో ఆర్థికంగా వెనకబడిన అగ్రవర్ణాల కోటాకి ఏడాదికి 8 లక్షల పరిమితి ఉంది. అందులో జీతం, వ్యవసాయం, వ్యాపారం... కుటుంబానికి ఎటునుంచి వచ్చినా అంతా కలపాలి. భూమి, ఇల్లు షరతులు వేరే. ఓబీసీల్లో సంపన్న శ్రేణిని తేల్చే అంకె కూడా 8 లక్షలే. కానీ అక్కడ ఆదాయ పరీక్షలో జీతాన్నీ, వ్యవసాయ ఆదాయాన్నీ కలపరు. తల్లిదండ్రుల ఉద్యోగ హోదా, భూమి విస్తీర్ణం విడిగా చూస్తారు. ఇక ఆదాయ పన్ను దగ్గరికొస్తే వ్యవసాయ ఆదాయం మీద పన్ను లేదు. కాకపోతే ఇతర ఆదాయం కూడా ఉన్నప్పుడు, పన్ను రేటు లెక్కించడానికి దాన్ని పరిగణనలోకి తీసుకునే సందర్భాలున్నాయి. ఒకే ఇల్లు, అవే డబ్బులు. ఏ కిటికీ దగ్గర నిలబడ్డామన్న దాన్ని బట్టి అంకె మారుతుంది. ఈ రెండు 8 లక్షల్నీ కలగాపులగం చేసుకుని అర్హత ఉండీ దరఖాస్తు పెట్టని కుటుంబాల్ని నేను చూశాను.

బ్యాంకుది ఇంకో చూపు. జీతగాడు చీటీ చూపిస్తే చాలు. కొట్టున్నాయన రిటర్నులు, ఖాతా లావాదేవీలు చూపించాలి. మేస్త్రీ ఏం చూపిస్తాడు? అరచేతుల్లో కాయలు తప్ప!

అక్క గేదె

ఇప్పుడు అసలు కథ. పెళ్లి ఖర్చులు ముందున్నాయి. బావగారు ఓ ఉపాయం ఆలోచించారు. ‘‘ఉన్న ఒక్క గేదె మీదే నెలకి పదివేలొస్తోంది. రెండు లక్షలు అప్పు తెచ్చి ఇంకో రెండు కొంటే ముప్పై వేలు. ఈఎంఐ కట్టెయ్యొచ్చు’’ అన్నారు. మూడేళ్ల గడువు, 12 శాతం వడ్డీ. నెలకి 6,643 కట్టాలి. పైకి చూస్తే బంగారంలాంటి ఆలోచన.

ఓ ఆదివారం పూట అక్కని కూర్చోబెట్టి, పాలకేంద్రం చీటీలన్నీ ముందేసుకున్నాం.

పాల ధర లీటరుకింత అనుకుంటాం కానీ నిజానికి వెన్నని బట్టి కడతారు. కిలో వెన్నకి 800 అనుకుంటే 6 శాతం పాలకి లీటరుకి సుమారు 48, 8 శాతం వస్తే 64. అక్కకి సగటున 55 పడుతోంది. ఈనిన కొత్తలో కేంద్రానికి రోజుకి ఆరు లీటర్లు పోసింది. 330 రూపాయలు. ముప్పై రోజులకి 9,900. బావగారి ‘పదివేలు’ పుట్టింది ఇక్కడే! కానీ నెలలు గడిచేకొద్దీ పాలు తగ్గాయి. మొత్తం పాడికాలం సగటు అయిదు లీటర్లే. అది తొమ్మిది నెలలు. తర్వాత వట్టిపోయింది. 270 రోజులకి 275 చొప్పున ఏడాదికి వచ్చింది 74,250.

ఇక ఖర్చు. పాలిచ్చే రోజుల్లో దాణా, తవుడు, చెక్క రోజుకి 120... మొత్తం 32,400. వట్టిపోయిన 95 రోజులూ 50 చొప్పున 4,750. పాలివ్వకపోయినా మేత మానదు కదా. ఎండుగడ్డి, పచ్చిగడ్డి 10 వేలు. డాక్టరు, ఇంజెక్షన్లు, బీమా 3,100. అన్నీ కలిపితే 50,250. మిగిలింది 24 వేలు. నెలకి రెండు వేలు!

బావగారు మళ్లీ కూడారు. అంకె మారలేదు.

‘‘రోజుకి దీనికెంతసేపు పడుతుందే?’’ అని అక్కనడిగాను. పేడ తియ్యడం, కుడితి పెట్టడం, పితకడం, కేంద్రానికెళ్లి రావడం, కడగడం... రెండు పూటలా కలిపి మూడు గంటలంది. ఏడాదికి 1,095 గంటలు. 24 వేలని దాంతో భాగిస్తే గంటకి 22 రూపాయలు. ఇంట్లోకి ఉంచుకునే లీటరు పాలని బయట కొంటే ఏడాదికి 14,850 అవుతుంది కాబట్టి అదీ కలుపుదామన్నాను. అప్పుడు గంటకి 35. దూడ, పొలానికి ఎరువు అదనం. కానీ కొత్తగా కొనే రెండు గేదెలకి ఈ లీటరు లెక్క వర్తించదు, ఇంట్లోకి పాలు ఇప్పటికే సరిపోతున్నాయి. రెంటికీ కలిపి మిగిలేది నెలకి 4 వేలు. కట్టాల్సింది 6,643. పైగా అక్క పని గంటలు ఎన్ని పెరుగుతాయో ఎవరూ అడగనే లేదు.

ఇది ఒక్క పెరటి కథ అనుకోవద్దు. 2018-19 వ్యవసాయ సంవత్సరానికి సంబంధించి జాతీయ గణాంక సంస్థ దేశవ్యాప్తంగా వ్యవసాయ కుటుంబాల్ని సర్వే చేసింది. చేతిలోంచి పెట్టిన ఖర్చులు మాత్రమే తీసేస్తే కుటుంబం సగటు నెల ఆదాయం 10,218 రూపాయలు. అందులో పశువుల మీద వచ్చింది 1,582. ఇంట్లోవాళ్ల పనికీ, సొంత మేతకీ కూడా విలువ కట్టి తీసేస్తే మొత్తం ఆదాయం 8,337కి దిగింది. పశువుల మీద మిగిలింది ఎంతో తెలుసా? 441! పంటల ఆదాయం కూడా తగ్గింది కానీ 3,798 నుంచి 3,058కే. పాడిలో మాత్రం నాలుగింట మూడొంతులు ఎగిరిపోయింది. అంటే పాడి ఆదాయం అని మనం అంటున్నదాంట్లో చాలాభాగం లాభం కాదు, ఎవరూ ఇవ్వని కూలీ, సొంత మేతా.

రెండు గేదెల ఆలోచన అక్కడితో ఆగింది. పెళ్లి ఖర్చు తగ్గించుకుందామని బావగారే అన్నారు. ‘‘గంటకి ఇరవై రెండా... అయితే ఉన్న ఈ ఒక్కదాన్నీ అమ్మేద్దాం’’ అని కూడా అన్నారు. అక్క ఒప్పుకోలేదు.

‘‘ఆ మూడు గంటలకి బయట నాకెవరు కూలిస్తారు ఈ ఊళ్లో? పదిహేను రోజులకోసారి బిల్లు నా పేరున పడుతుంది. కొట్టు డబ్బులు మీవి, ధాన్యం డబ్బులు అప్పులవాళ్లవి. ఇదొక్కటే నేను ఎవర్నీ అడక్కుండా ఖర్చుపెట్టుకునేది’’ అంది. నా కాగితంలో ఆ గడి లేదు. నేను నోరు మూసుకున్నాను.

మొన్న తాంబూలాలకి వెళ్లినప్పుడు వంటింటి గోడకి వేలాడుతున్న క్యాలెండర్ చూశాను. ఏళ్ల తరబడి దానిమీద పాల లెక్క రాయడం అక్కకి అలవాటే. ఈసారి ప్రతి తేదీ గడిలోనూ రెండు అంకెలున్నాయి. పైన లీటర్లు, కింద గంటలు. కొన్ని తేదీల్లో కింది అంకె పక్కన చిన్న చుక్క పెట్టి ఉంది. అదేంటని అడిగాను.

‘‘ఆ పూట మీ బావగారు పితికారు’’ అంది.